ఫ్యాన్ తిరగాలి, అక్షరాలు నిలవాలి: చిన్న విమానం ఫొటో కోసం నా పాట్లు

2023 దసరా వెళ్లిన మరుసటి వారం వైజాగ్ వెళ్లి సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నాను. నికాన్ డి5600 బాడీ, దానితో 18–55 లెన్సు, దూరాన్ని దగ్గర చేసే 70–300 లెన్సు, అన్నీ కలిపి 36,000. మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. తాతగారి కాలంలో సాలూరు నుంచి బట్టల వ్యాపారం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటాను. 2022 అక్టోబరు 31న భువనేశ్వర్ నుంచి మా ఊరికి తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్ విమానం రావడం మొదలైంది. మొదట్లో దాని చప్పుడు వినిపిస్తే చాలు వీధి వీధంతా బయటికొచ్చేది. తర్వాత అందరికీ అలవాటైపోయింది. నాకు మాత్రం మోజు తీరలేదు. ఫోనుతో తీస్తే చుక్క, జూమ్ చేస్తే ముద్ద. మన దేశంలో రిజిస్టరైన ప్రతి విమానం మీదా వీటీ అని మొదలయ్యే అక్షరాలుంటాయి కదా, అవి నా ఫొటోలో చదవగలగాలి. అంతే నాక్కావలసింది. ఇంత చిన్న కోరికకి మొత్తం చలికాలం పట్టింది.

కెమెరా కొనేటప్పుడే ఒక సంగతి తెలిసింది. సముద్రపు గాలికి లెన్సుల్లో ఫంగస్ పట్టేస్తుంది. ఫోను టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి చూడాలి. షాపులో మొదట చూపించిన లెన్సులో లోపలి అద్దం అంచున సన్నటి తెల్లటి పోగులు అల్లుకుని ఉన్నాయి. మామూలు వెలుతురులో అసలు కనిపించలేదు. అడిగితే వెంటనే ఇంకోటి తీసిచ్చారు. అందుకని ధర మాట్లాడే ముందే టార్చి వేసి చూడండి. బాడీతో ఒక ఫొటో తీసి నెట్‌లో చూస్తే అది అప్పటికి ఎన్ని షాట్లు కొట్టిందో కూడా తెలిసిపోతుంది. సాలూరు ఘాట్ మీదుగా వచ్చే బస్సులో సంచీ ఒళ్లోంచి దించలేదు. ఇంటికి రాగానే గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు కొన్నాను, 350 అయింది. మెమరీ కార్డు 900.

ముందు డాబా ఎక్కి, నెత్తి మీద తెల్లచార వదులుతూ పోయే పెద్ద విమానాలతో మొదలుపెట్టాను. ఊరు దాటి వెళ్లక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఫ్లైట్‌రాడార్24 యాప్ చూసుకుంటే ఏ విమానం ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది. ఫొటోల్లో రెక్కలు తెలుస్తున్నాయి, ఇంజిన్లు తెలుస్తున్నాయి, అక్షరాలు మాత్రం లేవు. సెట్టింగులన్నీ మార్చి చూశాక కాగితం తీసుకుని లెక్క వేశాను. 35,000 అడుగులంటే పది కిలోమీటర్ల పైమాట. ఎయిర్‌బస్ ఎ320 పొడవు 37.57 మీటర్లు. 300 ఎంఎం లెన్సులోంచి అది సెన్సార్ మీద, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక మీద, పడే సైజు దగ్గర దగ్గర ఒక మిల్లీమీటరు. సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అందులో అడ్డంగా 6,000 పిక్సెళ్లు. అంటే అంత పెద్ద విమానానికి దక్కేవి మూడు వందల లోపు పిక్సెళ్లు. వాటిలో అక్షరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇదే లెక్క మా క్యారవాన్‌కి వేస్తే ప్రాణం లేచొచ్చింది. దాని పొడవు 12.7 మీటర్లు. 600 మీటర్ల దూరంలో ఉంటే 1,600 పిక్సెళ్ల వరకూ వస్తాయి. 300 మీటర్లలో ఉంటే 3,200. ఎ320లో దాదాపు మూడో వంతే ఉన్న విమానం, దగ్గరగా వస్తే దానికంటే పదింతలు పెద్దగా పడుతుంది. లక్ష రూపాయల లెన్సు కొనే బదులు సగం దూరం నడిచి వెళ్తే చాలు అని అప్పుడే నిర్ణయించుకున్నాను.

అయితే దగ్గరికి వెళ్లడం అంటే ఎంత దగ్గరికి? ప్రభుత్వ విమానాశ్రయంలో రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదని 1937 నాటి విమాన నిబంధనల్లోనే, 13వ నిబంధనలో ఉంది. కంచె దగ్గర నిలబడి లోపలికి గురిపెట్టే ఆలోచన అక్కడితో వదిలేశాను. వైజాగ్ విమానాశ్రయమైతే నేవీ వాళ్ల స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో భాగం, అక్కడ సంచీలోంచి కెమెరా తీయడమే తెలివి తక్కువ పని. సునాబెడాలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ల విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ చుట్టుపక్కల కూడా అంతే. మా జిల్లాలో బలగాల హెలికాప్టర్లు తిరుగుతుంటాయి. అవి ఎంత అందంగా ఎగిరినా నేను లెన్సు ఎత్తను. ఇది చట్టం సంగతే కాదు, ఈ ప్రాంతంలో ఉండేవాడికి ఉండాల్సిన ఇంగితం.

మా చెల్లెలి మామగారికి ఊరి బయట పొలం ఉంది. విమానం దిగేటప్పుడు దానికి కాస్త పక్కగా, తక్కువ ఎత్తులో వెళ్తుంది. కంచెకి చాలా దూరం, సొంత పొలం, గట్టు మీద ఒక చింతచెట్టు. ఆయన్ని అడిగితే "విమానాన్ని ఫొటో తీయడానికి మా పొలం ఎందుకు బాబూ, అది ఆకాశంలో కదా ఉంటది" అన్నారు. ఒప్పుకోవడం మాత్రం ఒప్పుకున్నారు. నవంబరు మొదటి వారం నుంచి మా మేనల్లుడూ నేనూ ఆదివారాలు, ట్యూషన్ లేని పొద్దులు అక్కడే.

రెండో ఆదివారమో ఏమో, మామూలు బట్టల్లో ఒకాయన బైక్ మీద వచ్చి ఆగాడు. ఒడియాలో మొదలుపెట్టి, నా యాస విని తెలుగులోకి మారాడు. ఆధార్ చూశాడు, ఫోను నంబరు రాసుకున్నాడు, కెమెరాలో ఫొటోలన్నీ వెనక్కి తిప్పించి చూశాడు. కొంగలు, బస్సులు, మసక మసగ్గా విమానం. ఇరవై నిమిషాలు గుండె దడదడలాడింది కానీ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. వెళ్లేటప్పుడు "ఇంత కష్టపడి ఇలా తీస్తున్నారేటి మాస్టారూ" అన్నాడు. దానికి మాత్రం కొంచెం నొచ్చుకున్నాను. ఆధార్ కార్డు జేబులో ఉంచుకోండి, పొలం ఎవరిదో వాళ్ల నంబరు ఉంచుకోండి, తీసిన ఫొటోలు అక్కడికక్కడ చెరిపేయకండి. చూపించడానికి ఏమీ లేకపోతేనే అనుమానం పెరుగుతుంది.

విమానం కోసం ఎదురుచూడటం గురించి కూడా చెప్పాలి. యాప్‌లో అది భువనేశ్వర్ నుంచి బయల్దేరినట్టు కనిపిస్తుంది, సగం దూరం కనిపిస్తుంది, తర్వాత మాయమవుతుంది. కొండల చాటున కిందికి దిగేసరికి సిగ్నల్ అందదు. ఇక చెవులే గతి. చలికాలంలో కొండల మీద మబ్బు కూర్చుంటే గంటన్నర, రెండు గంటలు ఆలస్యం, ఒక్కోసారి రానే రాదు. ఫ్లాస్కులో టీ అయిపోతుంది, మేనల్లుడు ఫోనులో గేమ్ ఆడుతూ "మావయ్యా, ఇంటికెళ్లిపోదామా" అంటాడు. సరిగ్గా సంచీ జిప్పు వేశాక చప్పుడు వినిపిస్తుంది. అందుకని జిప్పు చివరిదాకా వేయడం మానేశాను.

ఇక ఫొటోలు. మొదట స్పోర్ట్స్ మోడ్‌లో పెట్టాను. కదిలేవాటికి అదే అని రాసి ఉంటుంది కదా. 1/1600 సెకను స్పీడులో కొట్టింది, అంటే షట్టర్ తెరుచుకుని ఉండేది అంతసేపే. వచ్చిన ఫొటోల్లో రెండు గొడవలు. ఒకటి, విమానం పొట్ట నల్లగా పడింది. వెనక ఆకాశం వెలుగంతా చూసి కెమెరా ఫొటోని చీకటి చేస్తుంది. ఫొటో వెలుగు పెంచే సెట్టింగు, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 మధ్య పెడితే ఆ బాధ తీరిపోయింది. రెండోది అసలు గొడవ. ప్రొపెల్లర్, అదే విమానం ముక్కు మీద తిరిగే ఫ్యాన్, ఫొటోలో ఆగిపోయింది. బ్లేడు బ్లేడూ స్పష్టంగా నిలబడి ఉంది. చూసినవాళ్లు "ఇంజిన్ ఆగిపోయిందా?" అని అడిగారు. ఎగిరే విమానం కాదు, దారం కట్టి వేలాడదీసిన బొమ్మ.

మళ్లీ కాగితం. క్యారవాన్ ప్రొపెల్లర్ గరిష్ఠంగా నిమిషానికి 1,900 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి దాదాపు 32. సెకనులో వెయ్యో వంతులో అది తిరిగేది 11 డిగ్రీలు. అందుకే కొయ్యబారినట్టు పడుతోంది. 1/250లో 45 డిగ్రీలు, 1/160లో 70 డిగ్రీలు. అక్కడ బ్లేడు చెదిరి, గుండ్రంగా పలచటి పొర వస్తుంది. జెట్ విమానాలు తీసేవాళ్లు 1/1000 పెట్టుకుని హాయిగా కొట్టుకోవచ్చు. ప్రొపెల్లర్ ఉన్నదానికి షట్టర్ నెమ్మదిగా ఉండాలి, విమానం మాత్రం షార్ప్‌గా రావాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. నాలుగు నెలల బాధంతా ఇందులోనే ఉంది.

నెమ్మది షట్టర్‌లో కదిలేదాన్ని షార్ప్‌గా తీయాలంటే దాని వేగంతోనే కెమెరా తిప్పుతూ కొట్టాలి, ప్యానింగ్ అంటారు. విమానం వచ్చేది ఒక్కసారే, కనిపించేది అర నిమిషం. అంతమాత్రానికి చెయ్యి ఎప్పుడు కుదురుతుంది? అందుకని 26వ నంబరు జాతీయ రహదారి పక్కన టీ బడ్డీ దగ్గర కూర్చుని, పోయే బైకుల మీద, రాయ్‌పూర్ వైపు వెళ్లే లారీల మీద సాధన చేశాను. లారీ పక్కన రాసిన అక్షరాలు చదవగలిగితే ఆ షాట్ పాస్. 1/500లో మొదలుపెట్టి, సగానికి పైగా బాగా వస్తుంటే ఒక మెట్టు దిగడం. 1/320, 1/250, 1/200, 1/160. ఒక్కో మెట్టుకి వారం, పది రోజులు పట్టింది. బడ్డీ ఆయన మొదట్లో నేను ఆర్టీవో మనిషిననుకుని టీకి డబ్బులు తీసుకోలేదు.

చెయ్యి ఎలా కుదిరిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ సరిగా చెప్పరు. విమానం కనిపించిన వైపు తిరిగి నిలబడకూడదు. షాట్ ఎక్కడ కొట్టాలో ఆ వైపు పాదాలు పెట్టాలి. తర్వాత నడుము దగ్గర నుంచి వెనక్కి మెలిదిరిగి, విమానం దూరంగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. అది దగ్గరకొచ్చేకొద్దీ మెలిక విడిపోతూ వస్తుంది, ఎదురుగా వచ్చేసరికి ఒంట్లో బిగువు ఉండదు. ఆ క్షణంలో కొట్టాలి. మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి. ఎడమ చెయ్యి లెన్సు కింద, అరచేయి పైకి. కళ్లతో స్క్రీన్ కాదు, వ్యూఫైండర్‌లోంచి చూడాలి, కెమెరా నుదుటికి ఆనుతుంది కాబట్టి అదో ఊత. బటన్ నొక్కాక ఆగిపోకూడదు, నొక్కిన తర్వాత కూడా ఇంకో రెండు సెకన్లు తిరుగుతూనే ఉండాలి. నొక్కగానే ఒళ్లు ఆగిపోవాలని చూస్తుంది, ఆఖరి రెండు ఫ్రేములు అక్కడే పాడవుతాయి.

ఇంకో చిన్న విచిత్రం. రా ఫైళ్లలో, అంటే కుదించని పెద్ద ఫైళ్లలో, బర్‌స్ట్ కొడితే (బటన్ వదలకుండా వరసగా తీస్తే) ఈ కెమెరా సెకనుకి ఐదు తీస్తుంది, కానీ కాసేపటికే మెమరీ నిండి నత్తనడక నడుస్తుంది. విమానం సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడే! అందుకని దూరంగా ఉన్నప్పుడు ఊరికే నొక్కకుండా, ఎదురుకి వచ్చాక రెండు మూడు ఫ్రేముల చిన్న చిన్న విడతలు కొట్టడం అలవాటు చేసుకున్నాను.

నవంబరు చివరికి రోడ్డు మీద లారీలు అద్భుతంగా వస్తున్నాయి. పొలంలో విమానం మాత్రం రావడం లేదు. 1/1000లో కొట్టినా రావడం లేదు. అదే నాకు అర్థం కాని సంగతి. లాప్‌టాప్‌లో నూరు శాతం పెద్దది చేసి, ఫొటో ఎలా పాడైందో చూడటం నేర్చుకున్నాక గానీ దారి దొరకలేదు. విమానం మొత్తం ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి వేగం కలవలేదని అర్థం. విమానం మెత్తగా ఉండి వెనక కొండ మీద చెట్లు చక్కగా ఉంటే ఫోకస్ జారింది. కానీ నా ఫొటోల్లో ఎక్కువ వాటిలో ఈ రెండూ కావు. అంచులు వంకర్లు తిరిగి ఉన్నాయి. కిటికీల వరస తిన్నగా లేదు. ఒకే బర్‌స్ట్‌లో ఒక ఫ్రేములో తోక బాగుంటే ఇంకో ఫ్రేములో ముక్కు బాగుంది.

అది నేల మీంచి లేచి, దూరంగా ఉన్నవాటిని వణికినట్టు చూపించే వేడిగాలి. చలికాలంలో వేడిగాలేమిటని మొదట నమ్మలేదు. నమ్మకం కోసం డాబా మీద స్టాండ్ వేసి, కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్‌ని ఉదయం ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి, ఒంటిగంటకి తీశాను. కెమెరా కదల్లేదు, టవర్ కదల్లేదు, సెట్టింగ్ మార్చలేదు. ఏడింటికి టవర్ మీది నిచ్చెన మెట్లు లెక్కపెట్టొచ్చు. తొమ్మిదింటికి ఫర్వాలేదు. పదకొండింటికి నిచ్చెన రెండు గీతలు కలిసిన ముద్ద. ఒంటిగంటకి నిచ్చెన ఉందని ముందే తెలిసినవాడికి తప్ప కనిపించదు. నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నెల రోజులుగా నా చేతులనీ కెమెరానీ తిట్టుకుంటున్నాను, మధ్యలో ఉన్న గాలి సంగతి తట్టనేలేదు.

విమానం వచ్చే టైము నా చేతిలో లేదు. అది ఎండ ఎక్కాకే వస్తుంది. దూరం మాత్రం నా చేతిలో ఉంది, నిలబడే చోటు నా చేతిలో ఉంది. ఎంత దగ్గరైతే మధ్యలో అంత తక్కువ గాలి. డాబాలు, రేకుల కప్పులు, తారురోడ్డు మీదుగా చూడకూడదు. తడి ఉన్న మడి మీదుగా, పచ్చిక మీదుగా చూస్తే ఎంతో తేడా. కాబట్టి చింతచెట్టు వదిలి, పొలానికి రెండో చివర తడి మడి పక్కకి మారాం. చలికాలంలో మనకి సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, కాబట్టి విమానం దారికి దక్షిణాన నిలబడితే వెలుగు మన వెనక నుంచి విమానం మీద పడుతుంది. ఆ రెండో చివర అదృష్టం కొద్దీ దక్షిణం వైపే.

డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు కూడా వానలు కొట్టాయి. కోసి ఉంచిన వరి తడిసిపోయి అందరూ దిగాలుగా ఉంటే, నేను ఆకాశం ఎప్పుడు తెరిపిస్తుందా అని చూడటం కాస్త సిగ్గుగానే అనిపించింది. వాన వెలిసిన రెండో రోజు పొలానికి వెళ్తే పడమటి కొండల మీద చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. దుమ్మంతా కడుక్కుపోయింది, నేల చల్లగా ఉంది. ఆ రోజు 1/500లో కొట్టిన ఫొటోలో మొదటిసారి వీటీ అనే రెండక్షరాలు, వాటి పక్కన గీత, ఆ తర్వాత మూడక్షరాలు చదివాను. మేనల్లుడు గట్టిగా చదివాడు, నేను మళ్లీ చదివించాను. ప్రొపెల్లర్ ఇంకా సగం కొయ్యబారే ఉంది, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలినవి చిన్న చిన్న బాగుచేతలు. లెన్సుకి ఫ్రీగా తగిలించి ఇచ్చిన యూవీ ఫిల్టర్ ఊడదీశాను. సెల్ టవర్ మీదే ఫిల్టర్ ఉంచి ఒకటి, తీసి ఒకటి కొట్టి చూస్తే తేడా తెలిసిపోయింది. ఫోకస్ ఏఎఫ్-సీలో పెట్టాను, కదిలేదాన్ని అది వెంటాడుతూ ఉంటుంది. ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తప్పించి, వెనక బొటనవేలి దగ్గరున్న ఏఈ-ఎల్ బటన్‌కి ఇచ్చాను. మొదటి రెండు రోజులు బొటనవేలు మర్చిపోయేది, తర్వాత అదే హాయి. విమానం తెల్లటి పొట్ట మీద పాయింట్ పెడితే ఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, అక్కడ పట్టుకోవడానికి గీత ఏదీ లేదు. కిటికీల వరస మీదో, అక్షరాల మీదో పెడితే చప్పున అతుక్కుంటుంది. 1/1000లో కొట్టేటప్పుడు వీఆర్, అంటే చేతి వణుకుని లెన్సు సర్దుకునే ఏర్పాటు, ఆపేశాను. 1/200 కిందికి దిగినప్పుడు వేశాను. ఈ లెన్సు మీద దానికి స్విచ్ ఉండదు, మెనూలోకి వెళ్లాలి. అందుకని విమానం రాకముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి.

షట్టర్ నెమ్మదిస్తే ఇంకో కొత్త బాధ వచ్చింది. మంచి ఎండలో ఐఎస్‌వో (వెలుగుకి సెన్సార్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 పెట్టినా, 1/160కి కెమెరా ఎపర్చర్‌ని, అంటే లెన్సులో వెలుగు వచ్చే కన్నాన్ని, ఎఫ్13 దాకా మూసేస్తుంది. అంత చిన్న కన్నంలోంచి తీస్తే సెన్సార్ మీద ఉన్న ప్రతి దుమ్ము రేణువూ ఆకాశంలో బూడిదరంగు మచ్చగా తేలుతుంది. ఎఫ్8లో ఒక్కటీ కనిపించలేదు, ఎఫ్13లో ఆకాశమంతా మచ్చలు. నాకు ముందు ఆ కెమెరా ఎవరిదో, ఎక్కడెక్కడ లెన్సు మార్చాడో! 250 పెట్టి రబ్బరు బ్లోయర్ కొన్నాను. కెమెరాని కిందికి వంచి ఊదితే చాలావరకు పోయాయి. నోటితో మాత్రం ఊదకండి, తుంపర్లు పడితే అది వేరే ఖర్చు.

జనవరి పొద్దులు మా దగ్గర వణికిస్తాయి. బయట చల్లబడ్డ కెమెరాని ఇంట్లోకి తేగానే సంచీ తెరిస్తే లెన్సు మీద చెమ్మ పట్టేస్తుంది. జిప్పు వేసి గంటసేపు అలాగే వదిలేయాలి. తీసిన ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఆగదు కాబట్టి పొలంలోనే కార్డు తీసి జేబులో వేసుకోవడం మొదలుపెట్టాను.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. రాత్రి మంచు కురిసి గడ్డి ఇంకా తడిగానే ఉంది, గాలి కదలడం లేదు. విమానం అరగంట ఆలస్యం. షట్టర్ 1/160 పెట్టి, కాళ్లు సర్దుకుని, మెలిదిరిగి పట్టుకున్నాను. ఎదురుకి వచ్చాక రెండు చిన్న విడతలు, అంతే. చెయ్యి తిరుగుతూ ఉండగానే ఒక ఫ్రేములో విమానం వ్యూఫైండర్‌లో కదలకుండా నిలబడినట్టు అనిపించింది, వెనక కొండ మాత్రం జారిపోతోంది. ఇంటికొచ్చి చూస్తే ఆ విడతల్లో అన్నీ పోయాయి, ఒక్కటి మిగిలింది. అక్షరాలు నిలిచి ఉన్నాయి. ముందు కిటికీలో పైలట్ కళ్లద్దాలు తెలుస్తున్నాయి. ప్రొపెల్లర్ గుండ్రంగా, పలచగా తిరుగుతోంది. వెనక కొండ ఆకుపచ్చ గీతలు గీతలుగా సాగింది. నాన్నగారికి చూపిస్తే కళ్లజోడు తుడుచుకుని చూసి, "పైలట్ కుర్రాడే పాపం" అన్నారు.

ఫిబ్రవరిలో పెళ్లికని భువనేశ్వర్ వెళ్లినప్పుడు చుట్టాల డాబా మీంచి పెద్ద జెట్లు తీశాను. 1/1000 పెట్టి కొడితే దాదాపు ప్రతి ఫొటో అక్షరాలతో సహా వచ్చింది. మొదట జెట్లతో నేర్చుకునే వీలున్నవాళ్లు అలాగే చేయండి, నాలాగా తలకిందులుగా రావద్దు. అయితే వాటిని చూస్తే నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు, ఎందుకో మరి.

మార్చి వచ్చేసరికి సీజన్ అయిపోయింది. కొండల మీద పోడుకి నిప్పు పెడతారు, పొగ లోయల్లోకి దిగుతుంది, దానికి ఎండ తోడు. దగ్గరికెళ్లినా, తడి మడి పక్కన నిలబడ్డా 1/1000లో కూడా ఏదీ నిలవదు. కెమెరా డబ్బాలో పెట్టేసి, ఫొటోలు సరిచేసే పనిలో పడ్డాను. డార్క్‌టేబుల్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. నా పాత లాప్‌టాప్‌లో ఒక్కో ఫైలు తెరవడానికే టీ తాగి రావచ్చు. షార్పెనింగ్ మీట చివరిదాకా జరిపితే రెక్కల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది, సగంలో ఆపితే బాగుంటుంది. పాడైన ఫొటోని అది బాగుచేయదు, బాగున్నదానికి మెరుగు పెడుతుంది.

సంక్రాంతి ఫొటోని 12×18 సైజులో ప్రింటు వేయించాలని మొన్న స్టూడియోకి తీసుకెళ్లాను. ఖర్చు 180 రూపాయలు. స్టూడియో ఆయన పెన్‌డ్రైవ్ పెట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసి, తల పంకించి చూశాడు. అక్షరాలు చదివాడు. తర్వాత ముందు భాగానికి జరిపి ఆగాడు.

"ఫొటో బాగానే ఉంది మాస్టారూ. ఫ్యాన్ ఒకటే కదిలిపోయింది. ఫొటోషాప్‌లో బ్లేడులు నిలబెట్టి ఇచ్చేయమంటారా? ఏభై ఎక్కువవుతాది."